మఖ్దూం ‘సిపాహీ’ గీతము – యుద్ధనిరసన స్వరూపము

బీదరు తాలూకాలోని బగ్దల్ ప్రాంతము కన్నడము, ఉర్దూ, తెలుగు, మరాఠీ కలిసి వినవచ్చు సీమ. 1956 వరకు ఇది హైదరాబాదు రాజ్యములోనిది. ఆ యేటి పునర్విభజనమున బీదరు తాలూకాలోని న్యాలకల్ భాగము ఆంధ్రప్రదేశమున చేరెను. బగ్దల్ మైసూరు రాష్ట్రమున నిలిచెను. ఎల్లలు మారినను ఆ రాజ్యమున పుట్టిన పాట అన్ని భాషలవారికిని ఉమ్మడి సొత్తు. అట్టివానిలో మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) రచించిన ‘సిపాహీ’ ముఖ్యమైనది.

మఖ్దూం నాటి మెదకు జిల్లాలోని ఆందోలున జన్మించెను. హైదరాబాదు సిటీ కళాశాలలో అధ్యాపకుడై, పిదప ఆ వృత్తి విడిచి కార్మికోద్యమమునను, తెలంగాణ సాయుధపోరాటమునను పాల్గొనెను. రెండవ ప్రపంచయుద్ధమున 25 లక్షలకు పైగా భారతీయులు బ్రిటిషు సేనలో చేరిరి. ‘సిపాహీ’ ఆ కాలపు రచన.

ఈ గీతము సైనికుని నిందింపదు. ఎచ్చటికి పోవుచున్నాడో అడుగుమనును. పిమ్మట దృష్టి వెనుక మిగిలినవారిపైకి మరలును: ఆకొన్న బిడ్డలు, వారిని ఊరడించు దుఃఖిత, కాలుచున్న శవములు. తిక్కన స్త్రీపర్వమునందును విజయమునకు కొలత స్త్రీల కన్నీరే. అయితే గాంధారి శోకము యుద్ధానంతరమునాటిది. ఇచ్చట సిపాయి గడప దాటునప్పుడే శోకము మొదలగును.

ఛందస్సును గమనించిన ఒక విశేషము తెలియును. ‘సిపాహీ’ పాదము మూడు రగణములు, చివర ఒక గురువుగా నడచును. ఇది అయిదు మాత్రల ఖండగతి. కవాతు అడుగునకు పొసగదు. ఇదే కవి ‘జంగ్-ఎ-ఆజాదీ’ నాలుగు మాత్రల చతురశ్రగతిలో, జనము కలిసి అడుగు వేయదగినట్లు సాగును.

యుద్ధమును నిరసించిన కవియే సమరగీతము వ్రాయుట తగునా? 1941లో జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తిన పిమ్మట కమ్యూనిస్టులు ఆ యుద్ధమును ప్రజాయుద్ధమనిరి. కావున కవి పార్టీ వెంట గొంతు మార్చెనని ఆక్షేపింపవచ్చును. కాని ‘సిపాహీ’ అహింసాగీతము కాదు. దాని తుది చరణమునందే ఉదయమును, విప్లవపతాకయు కానవచ్చును. యుద్ధము ఎవరికొరకు అనునదే రెండు గీతముల మూలప్రశ్న. అందుచే విరోధము పైకి కనబడునంత లోతైనది కాదు.

అయినను ఆ తుది చరణమే గీతమునకు బలహీనస్థానము. ప్రశ్నకు జవాబు దొరకగానే పాట నినాదమునకు చేరువగును. అంతకు ముందటి చరణములలో జవాబు లేదు; అందుచేతనే అవి ఏ దేశపు సైనికునకైనను, ఏ యుద్ధమునకైనను వర్తించును. గులేరీ 1915 నాటి కథ ఆధారముగా 1960లో వచ్చిన ‘ఉస్‌నే కహా థా’ చిత్రమున సలిల్ చౌదరి సంగీతమున మన్నాడే ఈ గీతమును పాడెను. రాజకీయ సందర్భము మారినను, అక్కడను ఇది నిలిచినది ఆ ప్రశ్న బలముచేతనే.

ఉద్యమకాలపు పాటలలో పెక్కు ఉద్యమముతోనే మరుగుపడును. శత్రువును దూషించిన పాటకంటె, మనవానిని ఆపి ప్రశ్నించిన పాటకు ఆయువెక్కువ. మఖ్దూం గీతము అట్టిది.