సవరించిన పాట, మిగిలిన మాట

డిస్నీ యానిమేషన్ చిత్రం ‘అల్లాదీన్’ (1992) ప్రారంభగీతం అరబ్బుల నేలను చెవులు కోసే దేశంగా వర్ణించింది. అరబ్ అమెరికన్ల నిరసనతో 1993 వీడియోలో ఆ పంక్తి మారింది. ‘అనాగరికం’ అన్న విశేషణం మాత్రం నిలిచింది. అమెరికాలో గ్రంథాలయమో సముదాయ భవనమో ఆ వీడియోను ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులకు పాటతోపాటు వివాదమూ వినిపించదు. ఆ మరుగును తొలగించేది జాక్ షాహీన్ వ్యాఖ్యాతగా సట్ జాలీ తీసిన ‘రీల్ బ్యాడ్ అరబ్స్’ (2006). రెంటినీ జతగా ప్రదర్శించడం అందుకే సమంజసం.

అయితే విమర్శాచిత్రం చూపేది తునకలనే. తునకపై తీర్పు సులభం. కనుక పూర్తి చిత్రమే ముందు రావాలి. పిల్లలను ఇంటికి పంపి పెద్దలే చర్చించుకోవడం ఇంకా అభ్యంతరకరం. భటులకు అరబ్బు యాస, అల్లాదీన్‌కు అమెరికన్ యాస ఎందుకని అడగగలిగినవారు అప్పటికి అక్కడ ఉండరు.