దోమ ఆయుష్షు లెక్క

2007 వేసవిలో ఇటలీలోని రవెన్నా దగ్గర రెండు చిన్న పల్లెల్లో జనం జ్వరంతో, కీళ్లనొప్పులతో మంచం పట్టారు. తీరా పరీక్షిస్తే చికున్‌గున్యా. అంతకుముందు ఏడాది ఆంధ్రప్రదేశ్‌ను, కర్ణాటకను కుదిపేసిన జ్వరమే అది. కేరళ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి ఒంట్లో వైరస్ అక్కడికి చేరింది. బాధితులు 200 దాటారు.

ఫలానా జ్వరం కొత్త చోట పాకుతుందా అని లెక్కగట్టడం నా పని. అందుకే ఆ పల్లెలు నాకు తరచూ గుర్తొస్తాయి. ఈ వైరస్‌ను మోసే టైగర్ దోమ 1990ల మొదట్లోనే పాత టైర్ల దిగుమతులతో ఇటలీలో అడుగుపెట్టింది. దాని గుడ్లు తడి లేకుండా నెలల తరబడి ఉండి, చుక్క నీళ్లు తగలగానే పొదుగుతాయి. వైరస్ వచ్చేనాటికి దోమలు అక్కడ స్థిరపడిపోయాయి.

ఈ లెక్కలకు మూలపురుషుడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన డాక్టరుగానే ఆయన మనకు తెలుసు. ఆ తర్వాత గణితం పట్టారు. దోమల్ని పూర్తిగా తుడిచిపెట్టనక్కర్లేదనీ, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జబ్బు దానంతటదే ఆగుతుందనీ సమీకరణాలతో చూపారు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది దోమ ఆయుష్షు. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. వైరస్ దాని లాలాజలంలోకి చేరడానికి సుమారు పది రోజులు పడుతుంది. రోజూ పదింట ఒకటి చొప్పున చస్తే, పది రోజులకు నూటికి 35 దోమలు మిగులుతాయి. పదింట రెండు చస్తే మిగిలేవి 11 మాత్రమే! చలి ఎక్కువైతే వైరస్ ఎదుగుదల మందగిస్తుంది, ఎండ మరీ ముదిరితే దోమే బతకదు. అందుకే భూమి వేడెక్కేకొద్దీ చల్లటి కొండ ఊళ్ల మీద నాకు బెంగ పెరుగుతోంది.

కేసులు నమోదు కాలేదని ఏ మండలాన్నీ పటంలో ఆకుపచ్చగా వేయడానికి నాకు చేయి రాదు. అక్కడ జబ్బు లేదా, పరీక్షలే జరగలేదా అన్నది ముందు తేలాలి. ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరిగి, తొట్టిలోకి టార్చి వేసి, నూరిళ్లలో ఎన్నిళ్ల నీళ్లలో లార్వాలున్నాయో రాసిచ్చే కాగితం నాకు ఉపగ్రహ చిత్రాలకన్నా విలువైనది. ఒక్క కేసూ లేని ఊళ్లోనూ వానలకు ముందే ఆ కాగితం తయారవ్వాలి. పాత టైర్ల షాపుల నుంచి మొదలుపెడితే మరీ మంచిది.