తోకలో పది గ్రాములు

నల్లరేగడి మీద చిన్న చక్రాలు తిరగవు. బాల్సా చెక్కతో కట్టే చిన్న రిమోటు విమానాల ప్లాన్లలో ఈ ముక్క ఎక్కడా రాసి ఉండదు. వాటిని గీసినవాళ్లు పచ్చగడ్డి మైదానాల్లోనో, తారు పరిచిన రన్‌వేల మీదో ఎగరేసుకునేవాళ్లు. మన నందిగామ చుట్టుపక్కల పత్తి, మిర్చి తీసేసిన చేలల్లో ఎండలు ముదిరేసరికి అరచెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటాయి. వాటి మధ్య పత్తి మోళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. రెండంగుళాల చక్రం ఆ నెర్రెలో దిగిందంటే విమానం ముక్కు మీద బోర్లా పడటమే. ప్రొపెల్లర్ విరుగుతుంది, చక్రాల తీగ బిగించిన చోట పొట్ట చీలుతుంది.

అందుకని ఈ మెట్టలో విమానం కట్టుకునేవాడు ప్లాన్‌లో చేసే మొదటి మార్పు చక్రాలు పీకెయ్యడం. తీగ, చక్రాలు, వాటిని పట్టి ఉంచే ప్లైవుడ్ పలక కలిసి ఎనభై, తొంభై గ్రాములు తూగుతాయి. వాటి బదులు పొట్ట కింద సన్నటి వెదురు బద్ద ఒకటి అంటిస్తే చాలు. చేత్తో విసిరి ఎగరేస్తాం, పొట్ట మీద దించుతాం. దిగేటప్పుడు వెనక్కి ముడుచుకునే ప్రొపెల్లర్ ఉంటే ఇంకా మంచిది. ముప్పై కిలోమీటర్ల అవతల జగ్గయ్యపేట వైపు వెళితే మళ్లీ నేల మారుతుంది. అది సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల నేల. గరుకు రాళ్ల మీద వెదురు బద్ద నాలుగుసార్లు దిగేసరికే అరిగిపోతుంది. అక్కడ కూల్‌డ్రింకు సీసా కోసి ఆ ప్లాస్టిక్ ముక్కను పొట్టకు అంటిస్తారు. జారుతుంది, అరగదు, బరువూ లేదు.

వేసవిలో నిజంగా హాయిగా దించుకోదగ్గ చోటు మునేరు ఇసుక. కాకపోతే దానికీ ఒక పేచీ ఉంది. ఇప్పటి మోటార్ల చుట్టూ తిరిగే గిన్నె లోపల అయస్కాంతాలుంటాయి. ఏటి ఇసుకలోని నల్లటి ఇనుప రేణువులు వాటిని వెతుక్కుంటూ వెళ్లి అతుక్కుంటాయి. ఇంటికొచ్చాక పాత టూత్‌బ్రష్షు పట్టుకుని కూర్చోవాలి. సెల్లో టేపు అంటించి లాగితే ఇంకా బాగా వస్తాయి.

ఇక చెక్క సంగతి. బాల్సా మన చెట్టు కాదు. ప్రపంచానికి కావలసిన బాల్సాలో ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ నుంచే వస్తుంది. ఐదారేళ్లలోనే కోతకొచ్చేంత వేగంగా పెరుగుతుంది కాబట్టే అంత తేలిక. రెండో ప్రపంచ యుద్ధంలో మస్కిటో అనే బ్రిటిష్ విమానం పొట్టను పలుచటి బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి కట్టారు. 1947లో సాహసయాత్రికుడు థోర్ హెయర్‌డాల్ బాల్సా దుంగల తెప్ప మీద పసిఫిక్ సముద్రంలో 101 రోజులు ప్రయాణం చేశాడు. ఇప్పుడు గాలిమరల రెక్కల లోపల కూడా అదే చెక్క. గాలిమరలకు గిరాకీ పెరిగిన 2019, 2020ల్లో బాల్సా ధర ఎక్కడో ఈక్వెడార్‌లో మండితే, ఆ సెగ ఇక్కడ రెక్క కట్టుకునేవాడి జేబుకూ తగిలింది.

కొత్తవాళ్లు బాల్సా అంటే అంతా ఒకటే అనుకుంటారు. కానే కాదు. మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న షీట్లు పక్కపక్కన పెట్టి తూచండి. ఒకటి 15 గ్రాములుంటుంది, ఇంకొకటి 37 కూడా ఉంటుంది. కొలతలు అవే, ధర అదే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. బరువైన షీటు గట్టిది కాబట్టి రెక్క మధ్యలో పొడవునా సాగే స్పార్‌కు పనికొస్తుంది. తేలికది తోకకు. అటుది ఇటు వాడితే విమానం పుట్టకముందే దాని జాతకం చెడినట్టే.

బరువు తర్వాత చూడాల్సింది పోగు. షీటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కొన్నింటిలో పొడుగాటి గీతలు మాత్రమే కనిపిస్తాయి. అవి అడ్డంగా గొట్టంలా వంగుతాయి. రెక్క ముందంచు గుండ్రానికి చుట్టడానికి అవి కావాలి. కొన్నింటిలో చేప పొలుసుల్లా చిన్న చిన్న మెరుపు మచ్చలుంటాయి. అవి వంగవు, వంచితే పుటుక్కుమంటాయి. రెక్క ఆకారాన్ని నిలబెట్టే రిబ్బులు కోయడానికి అవే సరైనవి. కొనేటప్పుడు ఎవరూ ఇది చెప్పరు. ప్యాకెట్‌లో ఏది వస్తే అది. అందుకే షీటు ఇంటికి రాగానే తూచి, మూలన పెన్సిల్‌తో బరువు రాసి, పోగు చూసి వేరు చేసుకోవడం మంచి అలవాటు. నందిగామ బజారులో బంగారం పని చేసేవాళ్ల దగ్గర ఉండే చిన్న ఎలక్ట్రానిక్ కాటాలాంటిది ఒకటి బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. నా బల్ల మీద రేజర్ బ్లేడు, గుండుసూదుల డబ్బా ఎప్పుడన్నా కనపడకుండా పోతాయి గానీ కాటా మాత్రం కదలదు.

తేలిక చెక్క మనకు తెలియనిదేం కాదు. నందిగామ నుంచి హైవే మీద విజయవాడ వైపు వెళితే ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి. అక్కడి బొమ్మలు తెల్ల పొణికితో చేస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ బొమ్మల పేరు అందరికీ తెలుసు కానీ, ఆ చెక్క గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. పొణికి మెత్తన, తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది. అక్కడి కళాకారులు పచ్చి చెక్కను సెగకు ఆరబెట్టి తేమంతా పోయాకే పనిలోకి తీసుకుంటారు. చేతులు, తల, తొండం విడివిడిగా చెక్కి అతుకుతారు. ఆ అతుకుకు వాళ్లు వాడేది మక్కు. చింతగింజల పిండి, రంపప్పొట్టు కలిపిన ముద్ద. సందులు పూడ్చేదీ అదే, వంపులు దిద్దేదీ అదే.

మేం చేసేదీ సరిగ్గా ఇదే పని. బాల్సాను ఉప్పుకాగితంతో రుద్దగా రాలిన పొడిని పారెయ్యకుండా సీసాలో దాచుకుంటాం. రిబ్బుకూ స్పార్‌కూ మధ్య సందు వచ్చిందనుకోండి, ఆ పొడిని ఫెవికాల్‌తో కలిపి పూడుస్తాం. చెక్క పొడి కాబట్టి ఆరాక చెక్కలాగే అరుగుతుంది. ఫెవిక్విక్ పోసి పూడిస్తే మాత్రం అక్కడ రాయిలాంటి గడ్డ కడుతుంది. తర్వాత ఉప్పుకాగితం పెడితే గడ్డ అలాగే ఉండి, దాని చుట్టూ మెత్తటి చెక్క అరిగిపోతుంది. రెక్క మీద పల్లాలు, మిట్టలు తేలతాయి. ఇంకో విషయం, ఫెవికాల్‌లో సగం దాకా నీళ్లే. ఆరాక ఆ బరువు పోతుంది. ఎపాక్సీ అలా కాదు, పోసినంతా ఉండిపోతుంది. దాన్ని మోటారు బిగించే ముక్కు పలకకు మాత్రమే వాడాలి.

పొణికితో విమానం కట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. బాల్సా కంటే అది బరువే. పైగా బొమ్మలకే దొరకని పరిస్థితి. కొండపల్లి అడవిలో పొణికి తగ్గిపోయి బొమ్మలు చేసే కుటుంబాలే ఇబ్బంది పడుతుంటే, సరదా కోసం ఎగరేసే మనం అందులో చెయ్యి పెట్టడం న్యాయం కాదు. ఉన్న పొణికి బొమ్మలకే ఉండనివ్వాలి.

అసలు విషయానికి వస్తాను. విమానాన్ని మార్చడం అంటే ఏదో ఒకటి చేర్చడం అనుకుంటారు చాలామంది. తోక విరిగింది, అతికేటప్పుడు గట్టిగా ఉంటుందని ఒక పుల్ల అదనంగా వేస్తారు. పుల్ల, జిగురు, పైన మళ్లీ కప్పే ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క కలిసి పది గ్రాములు. పది గ్రాములు ఒక లెక్కా అంటారు. లెక్కే. విమానం సమతూకం నిలిచే బిందువు రెక్క ముందంచు నుంచి వెడల్పులో పాతిక, ముప్పై శాతం దగ్గర ఉండాలి. 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్కకు ఐదారు సెంటీమీటర్లు. ఆ బిందువుకు తోక 60 సెంటీమీటర్ల వెనక, ముక్కు 20 సెంటీమీటర్ల ముందు ఉన్నాయనుకుందాం. తోకలో చేరిన పది గ్రాములను సరిచెయ్యాలంటే ముక్కులో ముప్పై గ్రాముల సీసం పెట్టాలి. మొత్తం నలభై పెరిగింది. ఇలాంటి రిపేర్లు నాలుగైతే చక్రాలు పీకి మిగుల్చుకున్నదంతా పోయి, పైన ఇంకా అప్పు మిగులుతుంది.

సీసం పెట్టే ముందు చూడాల్సింది బ్యాటరీ. మూడు సెల్లుల బ్యాటరీ 180 గ్రాములుంటుంది. దాన్ని మూడున్నర సెంటీమీటర్లు ముందుకు జరిపితే ఆ పది గ్రాముల తోక సర్దుకుంటుంది, ఒక్క గ్రాము సీసం అక్కర్లేదు. అందుకే నేను కట్టే ప్రతి పొట్టలోనూ బ్యాటరీ గది కావలసినదానికంటే రెట్టింపు పొడవు ఉంటుంది. ప్లాన్ గీసినవాడు ఒప్పుకోకపోయినా సరే.

బరువు పెరిగితే ఏమవుతుంది, ఎగరదా అంటే ఎగురుతుంది. మోటారుకు బలం ఉంటే తలుపు కూడా ఎగురుతుంది. తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. మీటరు ఇరవై సెంటీమీటర్ల రెక్క, 900 గ్రాముల విమానం అనుకోండి. దాన్ని 1200 చేస్తే, గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం పదిహేను శాతం పెరుగుతుంది. నేలకు తగిలే దెబ్బ ముప్పావు వంతుకు పైగా ఎక్కువ. ఆ దెబ్బకు ఇంకోచోట విరుగుతుంది. అక్కడ మళ్లీ ఒక పుల్ల. ఇలా బాగుచేయడమే విమానాన్ని చంపుతుంది. విరిగినచోట కొత్త చెక్క చేర్చే ముందు పాత జిగురంతా గీకి తియ్యాలి. గట్టిదనం కావాలంటే మందం పెంచకుండా రెండు స్పార్‌ల మధ్య పోగు నిలువుగా ఉండేలా పలుచటి బాల్సా ముక్కలు అతికించాలి. కొద్ది గ్రాములతోనే రెక్క బాగా గట్టిపడుతుంది.

ఈ తూకపు పట్టుదల ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి మేనార్డ్ హిల్ ఒక్కడు చాలు. అమెరికావాడు. అప్పటికే డెబ్బై ఏడేళ్లు, చూపు దాదాపు పోయింది. బాల్సాతో, పైన ప్లాస్టిక్ ఫిల్మ్‌తో ఆయన కట్టిన చిన్న విమానం 2003 ఆగస్టులో కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్‌లో లేచి, దాదాపు 39 గంటలు ఎగిరి, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు అట్లాంటిక్ దాటి ఐర్లాండ్‌లో దిగింది. రికార్డు నిబంధన ప్రకారం ఇంధనంతో కలిపి ఐదు కిలోలు దాటకూడదు. ఆ ఐదు కిలోల్లో దాదాపు సగం ఇంధనమే నింపాలంటే చెక్కలోంచి ఎంత తీసెయ్యాలో ఊహించుకోండి.

మన ఎండకూ కొన్ని మార్పులు కావాలి. జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీలున్నప్పటి గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి ఎనిమిది శాతం పలుచన. రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది. మోటారు వేగాన్ని నడిపే కంట్రోలర్ కాగుతుంది. దాని ముందు గాలి లోపలికి వచ్చే కన్నం ఒకటి పెడితే, బయటికి పోయే కన్నం దానికి రెట్టింపు ఉండాలి. వచ్చిన గాలి పోకపోతే లోపల ఉడికిపోతుంది. పైన వేసే ఫిల్మ్ ముదురు రంగుదైతే ఎండకు సడలి ముడతలు పడుతుంది. అందుకని పైన లేత రంగు, కింద ముదురు రంగు. తెల్లగా వెలిసిపోయిన వేసవి ఆకాశంలో విమానం కంటికి ఆనాలన్నా కింద ముదురు రంగే ఉండాలి.

చేల గట్ల మీద ఎగరేస్తుంటే రైతులు ఆగి అడిగే ప్రశ్న ఇప్పుడు ఒక్కటే.

"ఏందండీ ఇది, మందు కొట్టుద్దా?"

"లేదు బాబాయ్, ఊరికే ఎగురుద్ది."

"ఊరికే ఎగరడానికా ఇంత తిప్పలు!"

ఆయన మాటకు జవాబు లేదు. మిర్చికి డ్రోన్‌తో మందు కొట్టించుకుంటున్న రోజులివి, ఆయన అడగడంలో తప్పేముంది! కాకపోతే ఒక తేడా ఉంది. డ్రోన్‌ను గాలిలో నిలబెట్టేది లోపలి కంప్యూటర్, నాలుగు మోటార్లు. బ్యాటరీ అయిపోతే రాయిలా పడుతుంది. విమానాన్ని నిలబెట్టేది దాని ఆకారం. 1871లోనే ఫ్రాన్సులో ఆల్ఫోన్స్ పెనో రబ్బరు పట్టీ మెలిపెట్టి, మనిషి చెయ్యి తగలకుండా తనంతట తాను సర్దుకుంటూ ఎగిరే బొమ్మ చేసి చూపించాడు. అందులో ఉన్నది రెక్క వంపు, తోక కోణం, తూకం అంతే. మోటారు ఆగినా మా విమానం జారుకుంటూ కిందికి వస్తుంది, మనం ఎక్కడ దించాలో ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2021 డ్రోన్ నిబంధనల్లో ఇవి మోడల్ కోవలోకి వస్తాయి. 25 కిలోల లోపు ఉండాలి, చదువుకో సరదాకో అయి ఉండాలి, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరాలి. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎగరేసే చోటు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, 400 అడుగులు దాటకూడదు. హైవేకూ, కరెంటు తీగలకూ, జనానికీ దూరంగా ఉండమని చట్టం చెప్పాల్సిన పని లేదు.

రెడీమేడ్ ఫోమ్ విమానాలు చౌకగా దొరుకుతున్నాయి. వాటిని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ఎగరేయడం నేర్చుకోవడానికి అవే మంచివి, విరిగితే ఏడుపు రాదు. కానీ కట్టడం నేర్చుకోవాలంటే బాల్సాకు మించింది లేదు. ఎన్.సి.సి. వైమానిక విభాగం శిక్షణలో ఏరోమోడలింగ్ ఇప్పటికీ ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న మన బడుల మాస్టార్లకు నా మనవి ఇది: డ్రోన్ కిట్టుతో పాటు నాలుగు బాల్సా షీట్లు, గ్రాము తేడా చూపే కాటా ఒకటి తెప్పించండి. మోటారు, రిమోటు ఇప్పుడే వద్దు. జానెడు రెక్కల గ్లైడర్లు పిల్లల చేత కోయించి, ముక్కుకు మైనం అంటించి, ప్రతి ఒక్కటీ తూచి మరీ విసిరించండి. ఇంట్లో కట్టుకోవాలనుకునేవాళ్లూ ముందు కాటా కొనండి. షీట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఆర్డరు పెట్టే ముందే ఒక్కో షీటు బరువెంతో అడగండి. చెప్పనివాళ్ల దగ్గర కొనకండి.