గోర్కీ చెవికి అందని దరువు

డప్పు కొట్టే ముందు కాచాలి. గడ్డిమంట మీద తోలు తిప్పుతూ, వేలితో తట్టి చూస్తూ, ఖంగుమనేదాకా ఆగాలి. గోదావరిఖనిలో నాకు డప్పు నేర్పిన పెద్దమనిషి బొగ్గుబాయిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన చేతులు. కుడిచేతి సిర్ర దరువు నడుపుతుంటే ఎడమచేతి చిటికెన పుల్ల మధ్యలో దూరేది. "సిర్ర చెప్పినట్టు పుల్ల ఇనొద్దు బిడ్డా, జవాబియ్యాలె" అనేవాడు.

చాలా ఏళ్లకు జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు విన్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. బ్యాండు తన దారిన పోతుంటే ఆయన ట్రంపెట్ జవాబిస్తోంది.

అందుకే రష్యన్ రచయిత గోర్కీ విషయంలో నాకు బాధ. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన 'అమ్మ' మా క్వార్టర్‌లో రామాయణం పక్కనే ఉండేది. బాపు నైట్ షిఫ్టు దిగొచ్చి చదివేవాడు. ఆ గోర్కీయే 1928లో ప్రావ్దా పత్రికలో జాజ్‌ను బలిసినవాళ్ల సంగీతమని తిట్టిపోశాడు. ఇటలీలో ఉండగా రాత్రిపూట రేడియోలో విన్నాడు. కూలివాళ్ల కోసం 'అమ్మ' రాసిన మనిషికి న్యూ ఆర్లీన్స్ నల్లజాతి శ్రమజీవుల ఊపిరి ఆ పాటలో వినపడలేదు.

1922లోనే మాస్కోలో పార్నాఖ్ అనే కళాకారుడి బృందం జాజ్ కచేరీ చేసింది. అదే సోవియట్ దేశంలో 1949 నాటికి వాద్యగాళ్ల చేతుల్లోంచి శాక్సఫోన్లు లాక్కున్నారు. కుర్రాళ్లు వాడేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద పాటలు చెక్కించుకుని దొంగచాటుగా విన్నారు. ఎవరివో పక్కటెముకల మీద సూది తిరుగుతుంటే పాట వచ్చేది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అవతల అమెరికా అదే జాజ్‌ను స్వేచ్ఛకు జెండాగా దేశదేశాలు తిప్పింది. 1962లో బెన్నీ గుడ్‌మన్ బృందాన్ని మాస్కోకే పంపింది. కానీ అంతకుముందు, 1957లో, అమెరికాలోని లిటిల్ రాక్‌లో నల్లజాతి పిల్లలను బడిలోకి రానివ్వనందుకు, ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు పోనని ఆర్మ్‌స్ట్రాంగ్ తెగేసి చెప్పాడు. ఆయన వాయించిన వాటన్నిటి కంటే ఆ రోజు వాయించనన్న మాటే నాకు గట్టిగా వినిపిస్తుంది.

మా దగ్గరా చావుకూ జాతరకూ డప్పును పిలిచి, కొట్టినవాణ్ని గడప బయటే నిలబెట్టారు. తర్వాత ప్రతి జెండాకూ బాయి గేటు కాడ ఆ డప్పే కావాల్సి వచ్చింది. మా గురువు పిలిచినచోటికల్లా పోయేవాడు. పోయి ముందుగా ఓ మూల గడ్డి రాజేసుకునేవాడు. మీటింగుకు టైమైందని నాయకులు ఎంత తొందరపెట్టినా, తోలు పలికేదాకా మంట దగ్గర్నుంచి లేచేవాడు కాదు.