చక్రి బాణీ, కందికొండ మాట: సినిమా పాట పరిశోధనలో ఒక ఖాళీ

తెలుగు శాఖల్లో సినిమా పాటపై జరిగిన పరిశోధన ప్రధానంగా రచయిత కేంద్రంగా సాగింది. అలంకారాలు, రసపోషణ, తాత్త్వికత, సామాజిక స్పృహ అనే అధ్యాయ విభజన దాదాపు స్థిరపడిపోయింది. సంగీత దర్శకుడి పేరు పాట వివరాల పట్టికలో ఒక గడికి పరిమితమవుతుంది. ఈ పద్ధతి వల్ల నష్టపోయినవారిలో చక్రి ఒకరు. ‘మాస్ పాటల స్వరకర్త’ అన్న ముద్ర ఆ నష్టాన్ని మరింత పెంచింది.

చక్రి అసలు పేరు గిల్లా చక్రధర్. 1974 జూన్ 15న నాటి వరంగల్ జిల్లాలోని కంబాలపల్లిలో జన్మించారు. ఆ ఊరు నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2000లో పూరి జగన్నాథ్ దర్శకత్వంలోని ‘బాచి’తో సంగీత దర్శకుడయ్యారు. ‘సత్యం’ (2003) చిత్రానికి ఫిలింఫేర్, ‘సింహా’ (2010) చిత్రానికి నంది పురస్కారాలు అందుకున్నారు. ఎనభైకి పైగా చిత్రాలకు పనిచేసి, 2014 డిసెంబరు 15న 40 ఏళ్ల వయసులోనే మరణించారు. ఘంటసాల, పెండ్యాల, సాలూరు రాజేశ్వరరావుల తరానికి అవకాశాల నగరం మద్రాసు. మానుకోట మీదుగా మద్రాసు రైళ్లు ఆనాడూ నడిచాయి. కానీ ఆ పల్లెల యువకులకు సినీ సంగీతం అందుబాటులోకి వచ్చింది పరిశ్రమ హైదరాబాదులో స్థిరపడ్డాకనే.

చక్రి రంగప్రవేశం చేసేనాటికి బాణీకి మాట రాయడమే సాధారణ పద్ధతి. స్వరకర్త అర్థం లేని అక్షరాలతో ‘డమ్మీ’ పాడి ఇస్తారు. రచయిత ఆ కొలతలో పదాలు కూర్చుతారు. ఛందోదృష్టితో చూస్తే దీని పర్యవసానం చిన్నది కాదు. గురులఘువుల క్రమం, పాదం విరిగే చోటు, ఊపిరి తీసే చోటు ముందే నిర్ణయమైపోతాయి. యతిప్రాసలు, భావం రచయితవి. నడక మాత్రం స్వరకర్తది. ఇలాంటి పాటలో లయను రచయిత ప్రతిభగా మాత్రమే లెక్కగట్టే సిద్ధాంత వ్యాసం సగం కర్తృత్వాన్ని విస్మరించినట్లే.

దీనికి ‘ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం’ (2001) మంచి ఉదాహరణ. ‘మళ్లి కూయవే గువ్వా’ పాటతో కందికొండ యాదగిరి సినీకవి అయ్యారు. ఆయనది నర్సంపేట ప్రాంతంలోని నాగుర్లపల్లి. చక్రితో స్నేహం విద్యార్థి దశ నాటిది. పల్లవి సంబోధనతో ముగుస్తుంది. ‘గువ్వా’లోని చివరి దీర్ఘం మీద బాణీ కాసేపు నిలబడుతుంది. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ అన్నచోట గుంపు గొంతు కలిపే దీర్ఘానికీ దీనికీ పోలిక ఉంది. అంతమాత్రాన దీన్ని జానపద బాణీ అనడం తొందరపాటు. ఇది నగరపు ప్రేమగీతమే. పక్షిని పిలిచి మనసు చెప్పుకోవడం, పిలుపు దగ్గర గొంతు సాగదీయడం మాత్రం మౌఖిక సంప్రదాయం ఇచ్చిన అలవాట్లు. ఒకే ప్రాంతపు పాట విని పెరిగిన ఇద్దరూ వాటిని వివరించుకోవలసిన అవసరం లేకపోయి ఉండవచ్చు.

కృష్ణవంశీ దర్శకత్వం వహించిన ‘చక్రం’ (2005)లోని ‘జగమంత కుటుంబం నాది’ పరిస్థితి వేరు. సిరివెన్నెల సీతారామశాస్త్రి సాహిత్యంపై వచ్చిన ప్రశంసల్లో చక్రి ప్రస్తావన అరుదు. అక్కడ స్వరకర్త చేసిన పని తప్పుకోవడం. వాద్యాలు వెనక్కి జరుగుతాయి, ప్రతి వాక్యఖండం తర్వాత అర్థం దిగేందుకు వ్యవధి ఉంటుంది. గాయకుడు శ్రీ గొంతులో ఆర్భాటం లేదు. ‘ఇడియట్’ పాటల హోరుతో గుర్తింపు పొందిన స్వరకర్త ఇంత సంయమనం చూపడం గమనార్హం.

అయితే చక్రి కృషి అంతా ఈ స్థాయిలో లేదు. ఏడాదికి అరడజను చిత్రాలు చేసిన వేగం వినబడుతూనే ఉంటుంది. కంప్యూటర్‌లో కూర్చిన తాళం ఒక చిత్రం నుంచి మరొక చిత్రానికి పెద్ద మార్పు లేకుండా నడుస్తుంది. పల్లవిలోని తాజాదనం చరణంలో సడలుతుంది. నేపథ్య సంగీతంలో ఈ లోపం మరింత స్పష్టం. ఇళయరాజా సంగీతానికి అలవాటుపడిన వంశీ చిత్రాల ప్రేక్షకులు ‘ఔను వాళ్ళిద్దరు ఇష్టపడ్డారు’ (2002) నాటి నుంచి ఆయనను పోల్చి చూశారు. పాటల్లో ఆ పోలికకు ఆయన కొంతమేర నిలిచారు, సన్నివేశ సంగీతంలో నిలవలేదు.

చక్రిలో తెలంగాణను ‘జై బోలో తెలంగాణ’ (2011)లో మాత్రమే వెతకడం మరొక సౌలభ్యవాదం. ఉద్యమ చిత్రంలో ప్రాంతం ఇతివృత్తంగానే ఉంటుంది. ప్రాంతం పేరు ఎత్తని ప్రేమగీతంలో ఉచ్చారణ, విరామం, పిలుపు ఎలా పనిచేశాయన్నది కష్టమైన ప్రశ్న. దానికి జవాబు ముద్రిత సాహిత్యంలో దొరకదు. కందికొండ 2022లో మరణించారు. బాణీకీ మాటకీ మధ్య జరిగిన బేరసారాలు చెప్పగలిగినవారు ఇక ఆ పాటలు పాడిన గాయకులు, వాద్యకారులు, రికార్డింగ్ ఇంజనీర్లే. వారి మౌఖిక కథనాలు, మిగిలి ఉంటే ఆ డమ్మీలు, ఆలస్యం కాకముందే సేకరించవలసి ఉంది.