రెండు రావాల్సిన చోట ఒకటి

మూడు రోజులు కూర్చుని చేసిన లెక్కలో చివరికి 2 రావాలి. నాకు 1 వచ్చింది. పరిశోధనలో చేరిన తొలి ఏడాది సంగతి ఇది. ఆ లెక్క ఫారమ్ ఫ్యాక్టర్ అనేదానిది.

1950లలో స్టాన్‌ఫర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త హాఫ్‌స్టాడ్టర్ ప్రోటాన్ల మీదికి ఎలక్ట్రాన్లను వదిలితే, అవి చెదిరిన తీరును బట్టి ప్రోటాన్ ఉత్త చుక్క కాదని తేలింది. చుక్క అనుకుని వేసిన లెక్కను ఎంతతో గుణిస్తే నిజం వస్తుందో, అదే ఫారమ్ ఫ్యాక్టర్. నేను పనిచేసే ఎన్ ఈక్వల్ ఫోర్ సూపర్‌సిమెట్రీ సిద్ధాంతంలో ప్రోటాన్ ఉండదు. ఒక ఆపరేటర్ రెండు కణాలను పుట్టిస్తుంది. అవి దూరమయ్యేలోపు వాటి మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలను బొమ్మలుగా గీసి, వాటిలోని లూపుల (మూసుకున్న వలయాల) లెక్కన కూడుతూ పోవాలి.

ఒక లూప్‌కు ఒక్క త్రిభుజం చాలు. రెండు లూపులకు రెండు బొమ్మలు: ఒకటి నిచ్చెన, ఇంకొకటి గీతలు ఒకదాన్నొకటి దాటేది. నిచ్చెనకు నాలుగు రెట్లు, దానికి రెండో బొమ్మ కలిపితే జవాబని 1986లోనే వాన్ నీర్వెన్ చూపించాడు. రంగుల (ఈ కణాలు మోసే ఒక రకం ఆవేశాల) సంఖ్య చాలా పెద్దదనుకున్నప్పుడు దాటే గీతల బొమ్మల్ని కొట్టేయడం మా రంగంలో అలవాటు. నేనూ కొట్టేశాను. కానీ ఈ ఆపరేటర్‌కు రంగు లేదు. అందుకే ఇక్కడ ఆ బొమ్మ నిచ్చెనతో సమానంగా నిలబడుతుంది.

తప్పు ఎలా దొరికిందంటే, స్థలకాలపు పరిమాణాల సంఖ్యను నాలుగు నుంచి రవ్వంత పక్కకు జరిపితే అనంతాలు విడివిడిగా కనిపిస్తాయి. రెండు లూపుల్లో అన్నిటికన్నా పెద్ద అనంతం ముందుండే అంకె, ఒక లూప్ అంకె వర్గంలో సగం కావాలి. ఒక లూప్‌కు మైనస్ 2. వర్గం 4, అందులో సగం 2. నిచ్చెన ఇచ్చేది పావు, నాలుగు రెట్లయితే 1. మిగతా 1 నేను కొట్టేసిన బొమ్మలో ఉంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, సంతోషంతో.

ప్రకృతిలో లేని సిద్ధాంతానికి ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. 2012లో బ్రాండ్‌హ్యూబర్, ట్రవాలీని, యాంగ్ ఇదే సిద్ధాంతంలో మూడు కణాల ఫారమ్ ఫ్యాక్టర్‌ను రెండు లూపుల దాకా లెక్కించారు. హిగ్స్ కణం మూడు గ్లూవాన్లుగా మారే అసలు ప్రపంచపు లెక్కలో అన్నిటికన్నా చిక్కైన భాగం అచ్చంగా అదే! 2022 నాటికి డిక్సన్ బృందం ఆ మూడు కణాల ఫారమ్ ఫ్యాక్టర్‌లోనే ఎనిమిది లూపులకు చేరింది, బొమ్మలు గీయకుండా, జవాబుకు ఉండితీరాల్సిన లక్షణాల నుంచే.

ఈ దారిలోకి వచ్చే పిల్లలకు నాదొక్కటే మనవి. ప్రోగ్రామ్ తెరిచేముందు ఆ రెండు బొమ్మలూ మీ చేత్తో గీయండి, ఆ 2 వచ్చేదాకా లేవకండి.