హృదయమునకు దినచర్య: హోల్టర్ వ్యాసము, ఒక విమర్శ

అమెరికాలోని మోంటానా రాష్ట్రమునకు చెందిన నార్మన్ హోల్టర్ 1961లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించినారు. మనిషి తన పనిపాటలలో ఉండగానే అతని గుండె పుట్టించు విద్యుత్ సంకేతములను గంటల తరబడి నమోదు చేయవచ్చునని అందులో చూపినారు. అరువది ఏండ్లు దాటిన పిమ్మట ఆ పద్ధతి గుణదోషములను తూచి చూచుట విద్యార్థులకు ఉపయోగకరము.

మొదట గుణము చూతము. పరుండబెట్టి తీయు సాధారణ ఇ.సి.జి. పటము సుమారు 10 సెకండ్లది. నిమిషమునకు 75 చొప్పున అందులో దొరకు స్పందనలు పండ్రెండు మాత్రమే. అదే లెక్కన దినమునకు గుండె 1,08,000 సార్లు కొట్టుకొనును. మెట్లెక్కునప్పుడు కళ్లు తిరిగిన ఒక ఉపాధ్యాయునికి, కదలక పరుండినప్పుడు తీసిన పటము చక్కగా ఉన్నదని చెప్పి పంపివేసిన లాభమేమి? హోల్టర్ పట్టుకొన్నది ఈ లోటునే. 1940ల చివర వీపున మోసిన ఆయన తొలి పరికరము బరువు సుమారు 38 కిలోలు. నేటిది అరచేతిలో ఇముడును.

ఇక దోషము. యంత్రము స్పందనను వ్రాయును గాని దాని అర్థమును వ్రాయదు. గుండెపోటు నుండి కోలుకొన్నవారిలో తరచు వచ్చు అదనపు స్పందనలు అపాయ సూచకములని ఇట్టి పటముల వలన తెలిసినది. వానిని అణచినచో ప్రాణము దక్కునని వైద్యులు తలచిరి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు వానిని అణచినవి కూడ. కాని 1989లో వెలువడిన ‘కాస్ట్’ పరీక్ష ఫలితములు చూడగా, మందు లేని వట్టి మాత్ర వేసుకొన్నవారికంటె ఈ మందులు వాడినవారిలోనే మరణములు ఎక్కువగా ఉన్నవి. పటము బాగుపడినంత మాత్రమున రోగి బాగుపడలేదు.

కావుననే ఈ పరికరము ధరించినవారు ఏ గంటకు ఏమి చేసినదీ, ఎప్పుడు ఆయాసము కలిగినదీ ఒక కాగితముపై వ్రాసికొనవలెనని వైద్యులు చెప్పుదురు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. విద్యార్థి ఒకరోజు పలుమారులు నాడిని లెక్కించి సంఖ్యలు మాత్రమే వ్రాయవలెను; మరునాడు ప్రతి సంఖ్య ప్రక్కన అప్పుడు చేయుచున్న పనిని కూడ చేర్చవలెను. మొదటి పట్టికలోని 110 పరుగు వలన వచ్చినదో, జ్వరము వలన వచ్చినదో చదువరి చెప్పలేడు. చేతి గడియారములే గుండె లయను చూపుచున్న ఈ దినములలో, ఆ రెండవ పట్టిక వ్రాయు అలవాటును మనము మరువరాదు.